పొరుగూరి షరతులు

నడిగడ్డలో ఒక యెకరము చెలక కర్మాగార స్థలముగా మారుటకు నేడు కావలసినది మిక్కిలి స్వల్పము. అమ్మువా డొకడు, కొనువా డొకడు, రుసుము చెల్లించిన రసీదు, కచ్చేరీ యుత్తరువు: ఇంతియే. అమ్మినవానికి ధర ముట్టును. కొన్న కంపెనీకి పట్టా దక్కును. ప్రభుత్వమునకు రుసుము చేరును. ఆ చెలక నానుకొని పొలము గలవానికి, ఆ దారిని గొర్రెల తోలుకొని పోవువానికి, దిగువను ఏటినీరు త్రాగు గ్రామమునకు దక్కున దేమి? వారి నడిగినవారు లేరు, వారికి చెప్పినవారును లేరు. పునాది త్రవ్వు యంత్రముల చప్పుడే వారికి మొదటి నోటీసు.

ఈ స్థితి యెచటికి దారితీయునో జోగులాంబ గద్వాల జిల్లా, రాజోలి మండలమందలి పెద్దధన్వాడ చూపినది. గాయత్రీ రెన్యూవబుల్ ఫ్యూయల్స్ అను కంపెనీ యచట ఇథనాల్ కర్మాగారమును నిర్మింప సంకల్పించెను. చుట్టుప్రక్కల గ్రామములవారు 2025 ఆరంభము నుండియు వలదని నిరసన తెలుపుచు వచ్చిరి. ఆ యేట జూన్ 4వ తేదీన కర్మాగార స్థలమున ఘర్షణ జరిగినది. కంపెనీవారి తాత్కాలిక కట్టడములును వాహనములును ధ్వంసమైనవి. రైతులు అరెస్టయిరి. అంతటితో ముగియలేదు. వారిని కోర్టుకు తెచ్చునప్పుడు చేతులకు సంకెళ్లు తగిలించిరి. అకారణముగ సంకెళ్లు వేయరాదని సుప్రీంకోర్టు 1980లోనే ప్రేమశంకర్ శుక్లా కేసున తీర్పు చెప్పియుండెను. ఛాయాచిత్రములు బయటపడిన పిమ్మట గాని ఆ తీర్పు పోలీసువారికి జ్ఞప్తికి రాలేదు. అప్పుడు సంబంధించిన సిబ్బందిని సస్పెండు చేసిరి.

పరుల సొత్తును ధ్వంసము చేయుటను మేము సమర్థింపము. పంట పండించు చేతికి సంకెల తగిలించుటను అంతకన్నను సమర్థింపము. అయితే ఈ రెండింటికిని ముందు జరుగవలసి యుండి జరుగని పని యొకటి యున్నది. కంపెనీ దరఖాస్తు ఊరి రచ్చబండపై తెలుగున చదువబడి, “మీకు సమ్మతమా? సమ్మతమైనచో నే షరతులపై?” అని పొరుగువారిని ప్రశ్నించిన యధికారి లేకపోయెను. ఆ ప్రశ్న పుట్టినచో మా సమాధానము సిద్ధముగా నున్నది. పొరుగు గ్రామములకు నికరమైన మేలు చేకూర్చు షరతులను భూమిమార్పిడి యుత్తరువులోనే వ్రాసి, వానిని మీరిన దినమున ఆ మార్పిడియే రద్దగునట్లు చేసినచో, గద్వాల, వనపర్తి, నాగర్ కర్నూలు జిల్లాలలో చెలక భూములపై కర్మాగారములు కట్టుటను మేము బలపరతుము. పెద్దధన్వాడ కంపెనీయే మొదటినుండి మరల దరఖాస్తు పెట్టుకొని యీ పద్ధతికి లోబడినచో దాని దరఖాస్తునైనను బలపరతుము.

మే మిట్లనుట కొందరు మిత్రులకు రుచింపదని యెరుగుదుము. కాని 2016లో ఉమ్మడి మహబూబునగరము నుండి విడివడిన యీ మూడు జిల్లాల స్థితిని తలచవలయును. “పాలమూరు లేబరు” అను మాట యే రాష్ట్రమున ఆనకట్ట కట్టినను, ఏ నగరమున మేడ లేచినను వినబడుచుండెను. జూరాల వచ్చినది, కల్వకుర్తి యెత్తిపోతల వచ్చినది. నీరు పారినచోట వలస తగ్గినమాట నిజము. నీరు చేరని చెలకయో? దానిపై ఆముదము, కంది వేసి ఆకసమువంక చూచు రైతు కుమారుడు పాలిటెక్నిక్కు చదివి హైదరాబాదు బస్సెక్కుట తప్ప గత్యంతర మెరుగడు. వనపర్తి వేరుసెనగకు పేరున్నది గాని, ఆ గింజను నూనెగా మార్చుటకు బీచుపల్లి యొద్ద వెలసిన మిల్లు మూతబడి యేండ్లు గడచెను. కర్మాగారము వలదని చెప్పుట సులభము. వలదని చెప్పినవారి పిల్లలకు పని చూపుట సులభము కాదు.

ఇక చట్టముమాట. నగరములందు ఇండ్లకు, అంగళ్లకు, కర్మాగారములకు వేర్వేరు మండలములు గీయు పద్ధతి న్యూయార్కున 1916లో చట్టరూపము దాల్చెను. మనదేశమున అంతకు ముందటి యేడే బొంబాయి పట్టణ నిర్మాణ చట్టము, 1920లో మద్రాసు చట్టము వచ్చెను. పట్టణమున నొక స్థలమును ఇండ్ల వరుస నుండి కర్మాగారముల వరుసకు మార్చవలెనన్న ప్రకటన వెలువడును, ఆక్షేపణలు స్వీకరింతురు. పల్లెకు అట్టి పటమే లేదు. దానికి 2006 నాటి వ్యవసాయ భూముల మార్పిడి చట్టమే దిక్కు. ఆ చట్టము భూమి విలువపై నూటికింత యని రుసుము గొనును. పొరుగువాని ఊసు దానికి ముఖ్యము కాదు. 2020లో ధరణి వచ్చిన పిమ్మట ఆ కొంచెము జాప్యమును తొలగి, సినిమాకు టిక్కెట్టు తీసికొన్నంత తేలికగ స్లాటు తీసికొని భూమి స్వభావమును మార్చుకొను వసతి కలిగెను. 2025లో భూభారతి వచ్చెను. పట్టాల చిక్కులు విప్పుట దాని ముఖ్యోద్దేశము. చిక్కులు విప్పవలసినదే. కాని పొరుగువానికి పీట వేయుట దానిలోను ప్రధానాంశము కాలేదు.

పరిశ్రమల అనుమతులకు 2014లో వచ్చిన టీఎస్ ఐపాస్ చట్టము పెద్ద కంపెనీలకు పదునైదు దినములు, తక్కినవానికి ముప్పది దినములు గడువు పెట్టినది. కంపెనీకి వేగము కావలయును, ఒప్పుకొందుము. ముప్పది దినములలో ఒక్క దినమైన ఊరికి కేటాయింపవచ్చును గదా! పర్యావరణ అనుమతులకై 2006లో కేంద్రము చేసిన ప్రకటనలో ప్రజాభిప్రాయ సేకరణ యనునది యున్నది. పెట్రోలులో కలుపుటకు ధాన్యము నుండి ఇథనాల్ తీయు కర్మాగారములకు, ద్రవవ్యర్థమును బయటికి విడువమని మాట యిచ్చినచో, ఆ సేకరణ యవసరము లేకుండ 2021లో కేంద్రము మినహాయింపు చూపినది. పెట్రోలున నూటికి ఇరువది పాళ్లు ఇథనాల్ కలుపు లక్ష్యమును 2030 నుండి 2025కు ముందునకు జరుపుకొన్న తొందర యిది. దేశమునకు విదేశీమారకము మిగులునట. మంచిదే. ఆ మిగులునకు మూల్యము పెద్దధన్వాడ ముక్కుతోను, నీటితోను చెల్లింపవలసి వచ్చినప్పుడు ఒక్క దినపు సభ కూడ బరువయ్యెనా?

ఇథనాల్ ఎట్లు తయారగునో తెలిసినవారికి ఈ భయము వట్టిది కాదని తోచును. నూకలనో మొక్కజొన్ననో పిండిచేసి, నీటితో నుడికించి, పిండిపదార్థమును చక్కెరగా మార్చి, పులియబెట్టి, బట్టీపట్టి సారము తీయుదురు. సారము పోగా అంతకు పలురెట్లు మడ్డినీరు మిగులును. దానిని ఆవిరిపెట్టి యెండించినచో పశువుల దాణా యగును. వ్యర్థము చుక్కయు బయటికి పోదనుట యీ యెండించు యంత్రములపై నాధారపడిన మాట. ఆ యంత్రములు పగలు రాత్రి నడచుటకు ఆవిరి కావలయును, ఆవిరికి బొగ్గో ఊకయో కావలయును, అందుకు డబ్బు కావలయును. ఒక రాత్రి యంత్రము నిలిచినచో మడ్డినీరు నిలువ గుంటలో చేరును. గుంట నిండిన రాత్రియే పెనువాన కురిసినచో, వాగువైపు తూము నెత్తవలెనన్న దుర్బుద్ధి యే మేనేజరునకును పుట్టదని యెవరు పూచీ పడగలరు? పొరుగున నారాయణపేట జిల్లా చిత్తనూరులో ఇట్టి కర్మాగారముపై 2023లో రేగిన కలహమును నడిగడ్డవారు కన్నులార చూచిరి. వారి శంకకు అదియొక మూలము.

రాజోలి ప్రాంతమునకు మరియొక జ్ఞాపకమున్నది. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి రాజోలిని ముంచెత్తెను. మగ్గములు కొట్టుకొని పోయినవి, ఇండ్లు కూలినవి. ఆ నీటిగుర్తు నేటికిని ఆ యూరివారి మాటలలో కొలబద్దవలె నిలిచియున్నది. కనుక మా మొదటి షరతు: 2009 నాటి వరదమట్టమును సర్వేవారు రాళ్లు పాతి గుర్తింపవలయును. ఆ రాళ్లకు లోపల మడ్డినీటి గుంట గాని, సారపు తొట్టి గాని యుండరాదు. వంద యేండ్ల కొకసారి వచ్చు వరదయని యింజనీరు చెప్పిన లెక్క కంటె మగ్గము పోగొట్టుకొన్న సాలెవాని గుర్తు మాకు నమ్మదగినది.

రెండవది నీటి షరతు. ఇది యన్నిటికంటెను కఠినముగా నుండవలయును. రాజోలిబండ మళ్లింపు పథకమున పాలమూరు వాటాకు 87,500 ఎకరముల ఆయకట్టు వ్రాయబడినది. వ్రాయబడిన దంతయు తడిసిన యేడు అరుదు. కర్ణాటక వైపున కట్ట, మన వైపున కాలువ చివర. అట్టి నేలపై కర్మాగారము నీరు తోడుకొనునప్పుడు తోడుచోట మీటరు పెట్టి, దానిని పంచాయతీవారు ఎప్పుడైన చూచుకొను హక్కును వ్రాయింపవలయును. వేసవి మూడు మాసములు త్రాగునీటి బావులు ఇంకిన యెడల కర్మాగారపు తూము మొదట మూయబడవలయును. బావులు, బోరులు, ఏరు, ఈ మూటి నీటిని నెలకొకమారు పరీక్షింపవలయును. ఆ ఖర్చు కంపెనీది. పరీక్షించువాని యెన్నిక గ్రామసభది. ఫలితము తెలుగున పంచాయతీ గోడపై నంటింపవలయును. ఆంగ్లమున వ్రాసి హైదరాబాదు బీరువాలో దాచిన పరీక్షా పత్రము ఎద్దుకు నీరు పెట్టుకొనువానికి దేనికి?

పనిమాట క్లుప్తముగ. కావలివానిగను, బస్తా మోయువానిగను మాత్రమే ఊరివారిని తీసికొని, యంత్రము నొద్ద పరాయివారిని నిలుపు పద్ధతి చాలచోట్ల చూచుచున్నాము. శిక్షణ యిచ్చి యంత్రపు పనిలో సగము స్థానికుల కీయవలయును. గుత్తేదారు క్రింద పనిచేయువారును ఆ లెక్కలో చేరవలయును. లారీలు బడి వేళల ఊరి నడుమ పోరాదు, రోడ్డు గుంటలు పూడ్చుట కంపెనీ వంతు.

ఇవి యన్నియు వ్రాసికొన్నను అమలు జరుగవని చెప్పువా రున్నారు. వారు నిరాశావాదులు కారు, అనుభవజ్ఞులు. శ్రీశైలము జలాశయము క్రింద 1981 ప్రాంతమున కర్నూలు, మహబూబునగర జిల్లాలలో సుమారు నూరు గ్రామములు మునిగినవి. కొల్లాపురము, అలంపురము ప్రాంతములవారు నదిగట్టు నుండి గుట్టపైకి తరిమివేయబడిరి. నష్టపోయిన కుటుంబమున నొకరికి సర్కారు కొలువిత్తుమని 1986లో 98వ నంబరు ఉత్తరువు వెలువడెను. ఆ కాగితము చేతబట్టుకొని నల్లజుట్టుతో కచ్చేరీల కెక్కినవారు పలువురు జుట్టు నెరసిన పిమ్మటను ఎక్కుచునే యుండిరి. జడ్చర్ల చేరువ పోలేపల్లి యొద్ద పారిశ్రామికవాడకై తీసికొన్న భూములకు స్వల్పధర యిచ్చినారన్న దుఃఖమున బాధితులే 2008 ఉపయెన్నికలో అభ్యర్థులై నిలిచిరి. నేల పోయినవాడు బ్యాలెట్టు పత్రముపై తన పేరైన చూచుకొనదలచెను.

ఈ రెండు కథలలోను దోషమొకటే. మాట ఒకచోట నున్నది, భూమి మరియొకచోట నున్నది. భూమి చేతులు మారినది, నీరు నిండినది, ప్రహరీ లేచినది. మాట మాత్రము వేరొక కాగితమున వేరొక శాఖలో నిలిచిపోయెను. మాట నెరవేరకున్న భూమి వెనుకకు రాదు. నడిగడ్డ భూస్వాములకు ఇది క్రొత్త పాఠము కాదు. విత్తనపత్తి పండించు రైతునకు కంపెనీవాడు కనబడడు, నడుమ ఆర్గనైజరు మాత్రమే కనబడును. అప్పు ఆర్గనైజరు ఇచ్చును, ధర ఆర్గనైజరు చెప్పును, గింజ తప్పినదన్న మాటయు ఆర్గనైజరు నోటనే వినవలయును. వ్రాతపూర్వకమైన ఒడంబడిక రైతు పెట్టెలో నుండదు. 2025లో కొనుగోలు విషయమున ఆ రైతులు రోడ్డెక్కవలసి వచ్చినది అందువలననే. కనుకనే షరతులు మార్పిడి యుత్తరువులోనే యుండవలెనని మేము పట్టుబట్టుచున్నాము. షరతు తప్పినచో భూమి మరల సాగుభూమి యగును, కర్మాగారమునకు అక్కడ నడచు హక్కుండదు. అంతేకాక నిర్మాణపు ఖర్చులో నొక భాగమును బ్యాంకు పూచీగా కలెక్టరు, గ్రామసభ, ఉభయుల పేర నుంచవలయును. మడ్డినీరు పొలముపై పడినచో రైతు కోర్టులకు తిరుగక ఆ పూచీ నుండి నష్టము పొందవలయును. మూడేండ్లలో పని మొదలిడని కంపెనీకి భూమిపై మార్పు చెల్లదని కూడ వ్రాయవలయును. లేకున్న కర్మాగారమను పేర భూమి ధర పెంచి, మరియొకనికి అమ్ముకొను వర్తకము సాగును.

ఇట్టి కట్టడి లోకమున లేనిదని కంపెనీల తరఫువారు వాదింతురు. లాసేంజలిసు నగరమున స్టేపుల్స్ సెంటర్ అను క్రీడామందిరమును ఆనుకొని హోటళ్లు, వినోదశాలలు కట్టదలచిన కంపెనీతో 2001లో పొరుగు వీథులవారు కూడి యొక ఒడంబడిక చేసికొనిరి. పార్కులకు పది లక్షల డాలర్లు, ఉద్యోగములలో స్థానికులకు పాలు, బ్రతుకుటకు చాలినంత కూలి, పేదలకు కొన్ని యిండ్లు. బదులుగా వారు కంపెనీని ఎదిరింపక బలపరచిరి. కూలివారు, అద్దె యిండ్లవారు, చర్చీలవారు కలిసి నిలిచిన ఫలమది. అంత దూర మేల? మన తెలుగుదేశముననే, సమత కేసున 1997లో సుప్రీంకోర్టు విశాఖ మన్యపు గనులను గూర్చి తీర్పు చెప్పుచు, నికరలాభమున నూటికి ఇరువది వంతులు ఆ ప్రాంతపు ప్రజల యభివృద్ధికి నిధిగా నుంచవలెనని పలికెను. కేరళమున ప్లాచిమడ యొద్ద కోకకోలా కర్మాగారమునకు 2000లో లైసెన్సు నిచ్చిన పెరుమట్టి పంచాయతీ, బావుల నీరు చెడినదని 2003లో దానిని పొడిగింప నిరాకరించెను. మరుసటి యేడు కర్మాగారము నిలిచిపోయెను. ఇచ్చిన చేతికి తీసికొను శక్తి యున్నందువలననే ఆ పంచాయతీ మాట చెల్లెను.

షరతులు పెట్టినచో పెట్టుబడి పొరుగు రాష్ట్రమునకు పోవునని మరియొక బెదిరింపు. షరతులు లేని పెద్దధన్వాడలో పెట్టుబడి నిలిచెనా? ఘర్షణకు, కేసులకు, నిలిచిన పనికి చెల్లు వడ్డీని లెక్కించుకొన్నచో, ఒక గ్రామసభకు పట్టు నెల దినములు కంపెనీకి చౌక బేరమే. ప్రభుత్వమువారి చిత్తవృత్తి మాత్రము మాకు చింత గొల్పుచున్నది. 2025 నవంబరులో హైదరాబాదు పారిశ్రామికవాడల స్థలములను, సుమారు 9,292 ఎకరములను, ఇండ్లకు, వ్యాపారములకు మార్చుకొన వీలు కల్పించు విధానమును ప్రకటించిరి. రుసుము రిజిస్ట్రేషను విలువపై లెక్కగట్టిరి. అది ఖజానా దారి పట్టును. అర్ధశతాబ్దము ఆ పొగ పీల్చి ఆ వాడల చుట్టు కాపురమున్నవారికి ఆ లెక్కలో నేర్పరచిన వరుస యేది? మార్పిడి వలన భూమి విలువ పెరుగుటకు కంపెనీ చెమట కారణము కాదు, కలము గీత కారణము. ఆ పెరుగుదలలో పొరుగువారికి పాలడుగుట యాచన కాదు.

అయితే యే షరతుకును లొంగని భూములు కొన్ని యున్నవి. నాగర్ కర్నూలు జిల్లా అమ్రాబాదు అడవులలో యురేనియము కొరకు త్రవ్వవలదని చెంచులును తక్కిన ప్రజలును గొంతెత్తగా 2019 సెప్టెంబరులో శాసనసభయే వ్యతిరేక తీర్మానము చేసెను. అచట నూటికి ఇరువది కాదు, ఎనుబది యిత్తు మన్నను సమ్మతి కూడదు. కృష్ణకు దిగువను త్రాగువారి సంఖ్య యే గ్రామసభకును అందదు. అట్లే జూరాల కాలువల క్రిందను, రాజోలిబండ కాలువ క్రిందను ఉన్న తరి పొలములు. వానిని కర్మాగారములకు మార్చుమన్న దరఖాస్తును మేము విననే వినము. చెలక యున్నది, గుట్టల నడుమ పరంపోగు బయళ్లున్నవి. కంపెనీ అటు పోవచ్చును. రోడ్డు దూరమని, నీరు దూరమని సణుగును. సణుగనిండు.

గ్రామసభ యనగా సర్పంచి యింటి వసారాలో సంతకములు గొనుట కాదని కూడ చెప్పవలసి యున్నది. భూమి గలవారు మాత్రమే పొరుగువారు కారు. రాజోలి మగ్గములవారు, తుంగభద్రలో వల వేయు బెస్తలు, గొల్లలు, కౌలుదారులు, కూలికి పోవు స్త్రీలు, వీరి మాటకు పట్టాదారు మాటతో సమానమైన విలువ నీయవలయును. మా పాఠకులలో పలువురు పట్టాదారులే. చెలక కమ్మకపు ధర మంచిదై వచ్చునప్పుడు పొరుగువాని యాక్షేపణ విసుగు పుట్టించునని యెరుగుదుము. అమ్ముకొనువాడు ఊరు విడిచిపోవును. ఉండిపోవువాడే ఆ గాలి పీల్చును. సభలో “వలదు” అని తేలినచో అదియును చెల్లవలయును. షరతులపై బేరమాడు హక్కు, అసలే నిరాకరించు హక్కు లేనివానికి హక్కు కాదు.

ప్రభుత్వము చేయవలసిన దొకటి, కంపెనీ చేయవలసిన దొకటి యున్నవి. 2006 చట్టమునకు స్వల్ప సవరణ చేసి, కర్మాగారము కొరకు కోరు ప్రతి మార్పిడికిని పొరుగు గ్రామముల సభల నడుగుటను, షరతులను ఉత్తరువులో చేర్చుటను తప్పనిసరి చేయవలయును. ఇందుకు క్రొత్త శాఖ యక్కరలేదు, క్రొత్త భవనమక్కరలేదు. ఇక కంపెనీ వారు పోలీసు పహరాతో పని సాగించు నాలోచన మాని, రైతులపై కేసుల ఉపసంహరణకు తామే మొదట నోరు విప్పి, పటము చేతబట్టుకొని ధన్వాడ, రాజోలి గ్రామముల సభలకు రావలయును. గుంట యెక్కడ, తూము యెక్కడ, వరదరాయి యెక్కడ అని వారు చూపుదురు గాక. ఊరివారు తమ ప్రశ్నలు వేయుదురు గాక. ఆ సభకు మా విలేఖరిని పంపెదము. అందు జరిగిన దంతయు, కంపెనీ చెప్పిన దానితో సహా, ఈ పుటలోనే ప్రకటింతుము.